ఫ్యాక్టోరియల్ 13 ఎప్పుడైనా వేయించారా?

ఏ ఇంజినీరింగ్ కాలేజీ మొదటి ఏడాది సి ల్యాబు రికార్డు తెరిచినా ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం ఉంటుంది. దాని కింద రాసే అవుట్‌పుట్ కూడా ఎప్పుడూ ఒకటే: ఇచ్చింది 5, వచ్చింది 120. పక్కన ఎర్ర ఇంకుతో సంతకం. కొత్తపేటలో మా వీధి పిల్లలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఈ రికార్డులు పట్టుకుని మా అరుగు మీదకు చేరతారు. నేను హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తానని వాళ్లకు తెలుసు. వచ్చిన ప్రతి ఒక్కరినీ నేనడిగేది ఒకటే: "13 వేసి చూశావా?"

"లేదక్కా. అయిదే వేయించారు."

వేస్తే 1932053504 అని వస్తుంది. అసలు జవాబు 6227020800. సి భాషలో మామూలు పూర్ణాంకానికి ఇచ్చే చోటు 32 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. 12 ఫ్యాక్టోరియల్, అంటే 479001600, దాకా సర్దుకుంటుంది. 13 దగ్గర పొంగిపోతుంది, పొంగినదాన్ని మెషిన్ నిశ్శబ్దంగా పారేసి మిగిలినదాన్ని జవాబని చూపిస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. 64 బిట్లకు మార్చమంటే మారుస్తారు. అప్పుడు 20 దాకా బండి నడుస్తుంది. 21కి మైనస్ సంఖ్య వస్తుంది. "ఫ్యాక్టోరియల్ మైనస్‌లో రావడమేంటండీ బాబూ!" అని నవ్వుతారు. ఇంకా టర్బో సి నీలం తెర మీదే నేర్పే ల్యాబులు కొన్ని ఉన్నాయి. అక్కడ పూర్ణాంకానికి 16 బిట్లే కాబట్టి 8కే మైనస్ 25216 చూడొచ్చు. నవ్వుకోవడానికి 21 దాకా ఆగక్కర్లేదు.

కాకినాడ జేఎన్‌టీయూ సిలబస్‌లో మొదటి ఏడాదే సి ఉంది. దాన్ని నేర్పేచోట ఈ గోడను చూపించి ఊరుకోకూడదు, దాటించాలి అన్నది నా వాదన. ఎన్ని అంకెలైనా పట్టే అంకగణితాన్ని పిల్లలతోనే రాయించాలి. ఆ తర్వాత లోకం ఇప్పటికే రాసి, అందరికీ తెరిచిపెట్టిన అలాంటి లైబ్రరీలను చదివించాలి. నాలుగో ఏడాది వచ్చేసరికి వాటికి ఒక పరీక్షో, ఒక కొలతో, ఒక దిద్దుబాటో చేసి పంపగలిగేలా తయారుచేయాలి.

ఇంత పెద్ద సంఖ్యలు ఎవరికి కావాలి అంటారు. డబ్బు లెక్కకైతే అక్కర్లేదు. మన రాష్ట్ర బడ్జెట్ మూడు లక్షల కోట్లు దాటింది. దాన్ని పైసల్లో రాసినా 64 బిట్లలో ఓ మూల సరిపోతుంది. కావలసింది తాళాలకు. మా వీధి చివర రేషన్ డిపోలో ముసలమ్మ వేలిముద్ర వేస్తుంది. ఆ వివరాలు ఆధార్ వాళ్లకు చేరేముందు మెషిన్లో ఒక తాత్కాలిక తాళంతో మూసుకుంటాయి, ఆ తాళంచెవి మళ్లీ 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళంలోకి వెళుతుంది. 2048 బిట్లంటే 617 అంకెల సంఖ్య. ఇలాంటి సంఖ్యలను గుణించి, భాగించి, శేషం తీస్తేనే వేలిముద్ర ముందుకు కదిలేది. ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచినా లోపల జరిగేది ఈ జాతి పనే. బియ్యం కోటా మొదలు కువైట్ నుంచి కూతురు పంపిన డబ్బు దాకా ఈ లెక్కల మీద నడుస్తుంటే, ఆ లెక్క ఎలా అవుతుందో కంప్యూటర్ సైన్సు పట్టా పుచ్చుకున్నవాడికి తెలియకపోవడం నాకు మింగుడుపడదు.

ఇక్కడ పావులూరి మల్లనను తలచుకోకుండా ముందుకు పోలేను. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. మన ఎదుర్లంక నుంచి బాలయోగి వారధి మీదుగా యానాం దాటి, కాకినాడ మీదుగా వెళితే వచ్చే పిఠాపురం ప్రాంతంతో ఆయన పేరు ముడిపడి ఉంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలన్న లెక్కకు ఆయన పేరు మీద ఒక పద్యం ఉంది. జవాబు 18446744073709551615. మన లెక్కలో చెప్పాలంటే లక్షా 84 వేల కోట్ల కోట్ల పైచిలుకు. పద్యంలో అంకెలుండవు. బాణాలంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4, ఆకాశమంటే 0. అలా ఇరవై అంకెలను నాలుగు పాదాల పద్యంలో పొదిగాడు.

తెలుగు మాస్టార్లు ఈ పద్యాన్ని చమత్కారం కోసం చెబుతారు. నేను చూసేది వేరు. ఆ సంఖ్య 64 బిట్ల మెషిన్ ఒక్క గదిలో పట్టగలిగిన అతి పెద్ద సంఖ్య, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. 64 గడుల బల్లకూ 64 బిట్ల రిజిస్టరుకూ లెక్క ఒకటే మరి. దానికి ఇంకొక్క గింజ కలిపితే గది మొత్తం సున్నాలైపోతుంది, ఒకటి పక్క గదికి పోవాలి. ఇంకో సంగతి. ఆ పద్యంలో అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలవుతాయి. మొదటి మాట చివరి 5, చివరి మాట అన్నిటికంటే పెద్ద స్థానంలోని 1. పెద్ద సంఖ్యల లైబ్రరీలు కూడా సంఖ్యను మెమరీలో ఇలాగే పెడతాయి: చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం చివర. కూడిక మొదలయ్యేది ఒకట్ల దగ్గరే కదా, సంఖ్య పెరిగితే చివర ఇంకో గది చేర్చుకుంటే చాలు. మల్లనకు కంప్యూటరు తెలుసని ఎవరూ దీన్ని పట్టుకుని ఊరేగించకండి. లెక్క చేసే చేతికి ఏ వరస సులువో ఆ వరసే అప్పుడూ ఇప్పుడూ కుదిరింది, అంతే.

లైబ్రరీలో అసలు కష్టమంతా పక్క గదికి పంపే ఆ ఒకటితోనే. దాన్ని క్యారీ అంటాం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో మా మామగారి కొట్టు ఉండేది. కాయలు లెక్కించేటప్పుడు నూరు పూర్తయితే ఒక కాయ పక్కన పెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. సాయంత్రం పక్కన పెట్టినవి లెక్కిస్తే వందలు తేలేవి. పెద్ద కూడిక కూడా ఇంతే, నూరుకు బదులు రెండుకు 64వ ఘాతం అనుకోవాలి. ప్రాసెసరుకు ఈ పక్కన పెట్టే పని సహజంగా వచ్చు, దానికి ప్రత్యేకంగా ఒక జెండా ఉంది. మామూలు సి కూడికకు ఆ జెండా కనిపించదు. అందుకని వేరే దారి: రెండు సంఖ్యలు కూడాక, వచ్చిన మొత్తం కూడిన వాటిలో ఒకదానికంటే చిన్నదైతే పొంగిందని అర్థం. ఒక్క పోలికతో క్యారీ దొరికిపోతుంది. ఈ ఒక్క వాక్యం పిల్లవాడు తనంతట తాను కనిపెట్టిన రోజున వాడి మొహం చూడాలి.

మొదటి మెట్టుగా ఇంత లోతు కూడా అక్కర్లేదు. తొమ్మిదేసి అంకెలు ఒక్కో గదిలో పెట్టుకుని 100 ఫ్యాక్టోరియల్ రాయమనండి. పద్దెనిమిది గదులు చాలు. జవాబులో 158 అంకెలు, చివర 24 సున్నాలు. పరీక్షకు మహావీరాచార్యుడి దండ సంఖ్యలున్నాయి: 27994681ని 441తో గుణిస్తే 12345654321, 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. కుడి ఎడమల్లో ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే జవాబుల్లో క్యారీ ఒక్కటి తప్పినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేను సరదాకు రాసి అందరికీ తెరిచిపెట్టిన చిన్న లైబ్రరీలో మొదటి పరీక్షలు ఇవే. రెండోది మల్లన సంఖ్యను దానితోనే గుణించడం. 340282366920938463426481119284349108225 రావాలి.

గుణకారం దగ్గరికొస్తే కథ రసవత్తరంగా ఉంటుంది. బడిలో నేర్చుకున్న పద్ధతిలో 32 గదుల సంఖ్యను 32 గదుల సంఖ్యతో గుణించాలంటే 1024 చిన్న గుణకారాలు. ఇంతకంటే మౌలికంగా తక్కువలో కాదని 1960లో మాస్కో విశ్వవిద్యాలయంలో కొల్మొగోరోవ్ అంతటి మహానుభావుడు ఊహించి, సెమినార్‌లో ఆ మాటే చెప్పాడు. వింటున్నవాళ్లలో 23 ఏళ్ల విద్యార్థి అనతోలీ కరత్సుబా ఉన్నాడు. వారం తిరక్కుండా అది తప్పని తేల్చాడు. 47ని 83తో గుణించాలనుకోండి. మామూలుగా 4×8, 4×3, 7×8, 7×3 అని నాలుగు గుణకారాలు. కరత్సుబా మూడే చేస్తాడు. 4×8 ముప్ఫై రెండు, 7×3 ఇరవై ఒకటి. ఆపైన 4, 7 కలిపి 11, 8, 3 కలిపి 11, వాటి గుణకారం 121. అందులోంచి 32, 21 తీసేస్తే మిగిలే 68 మధ్య స్థానానికి. 3200, 680, 21 కూడితే 3901. ఇది చేతి లెక్కలో లాభం కాదు. సంఖ్యను సగాలుగా, ఆ సగాలను మళ్లీ సగాలుగా చీల్చుకుంటూ పోయినకొద్దీ 1024 కాస్తా 768, ఆ తర్వాత 576 అవుతుంది. గురువు సెమినార్ ఆపేశాడు. శిష్యుడి పేరు పెట్టి వ్యాసం తనే రాసి 1962లో అచ్చుకిచ్చాడు. అది శిష్యుడికి తెలిసింది అచ్చయిన ప్రతులు చేతికందాకే అంటారు. మన దగ్గర గైడు పేరు ముందు వేయకపోతే ప్రాజెక్టు రిపోర్టు బైండింగుకే వెళ్లదు.

ఆ తర్వాత టూమ్, కుక్ వచ్చారు, 1971లో షోన్‌హాగె, స్ట్రాసెన్ వచ్చారు. 2019లో హార్వీ, వాన్ డెర్ హూవెన్ ఆఖరి మెట్టు అనదగ్గది చూపించారు. వాళ్ల నిరూపణలో రామానుజన్ టాక్సీ నంబరు 1729 తొంగిచూస్తుంది. ఈ ఆఖరిది ఏ ల్యాప్‌టాప్‌కూ పనికిరాదు, అంత పెద్ద సంఖ్యలు విశ్వంలో పట్టవు. కాగితం మీది వేగానికీ మెషిన్ మీది వేగానికీ ఉన్న ఈ తేడా తెలియడమే ఆప్టిమైజేషన్ అంటే. కరత్సుబా పద్ధతిలో గుణకారం తగ్గుతుంది కానీ కూడికలు పెరుగుతాయి. కాబట్టి చిన్న సంఖ్యలకు బడి పద్ధతే వేగం. ఎక్కడ నుంచి మారాలో పుస్తకం చెప్పదు, మీ మెషిన్ చెబుతుంది. జీఎంపీ అని ఒక లైబ్రరీ ఉంది. స్వీడన్‌కు చెందిన టోర్బ్‌యోర్న్ గ్రాన్‌లుండ్ 1991లో విడుదల చేశాడు, ఈ రంగంలో పెద్దదిక్కు. ఒక్కో ప్రాసెసరు మీద ఏ పరిమాణం దగ్గర పద్ధతి మార్చాలో కొలిచే ప్రోగ్రాం కూడా దానితోనే వస్తుంది. పిల్లలు దాన్ని తమ ల్యాప్‌టాప్‌లో ఒకసారి, ఫోన్లో ఉండే ఆర్మ్ ప్రాసెసరు మీద ఒకసారి నడిపి రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ సబ్జెక్టులో ఒక సెమిస్టరు చెప్పినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఈ లైబ్రరీ వాళ్లింట్లోనే ఉందని చెబితే పిల్లలు నమ్మరు. ల్యాబులో వాడే జీసీసీ కంపైలరును తయారు చేయాలంటేనే జీఎంపీ కావాలి. 10తో భాగించమని మీరు రాస్తే కంపైలరు భాగహారం తీసేసి గుణకారం పెడుతుంది, ఎందుకంటే ప్రాసెసరుకు భాగహారం ఖరీదైన పని. ఆ కిటుకును 1994లో వ్యాసంగా రాసినవాళ్లలో ఒకరు ఇదే గ్రాన్‌లుండ్, ఇంకొకరు మాంట్‌గోమరీ.

వేగం సంగతి సరే, నమ్మకం సంగతేమిటి? క్యారీ దోషాలు దొంగల్లాంటివి కావు, దొంగ ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తాడు. యాదృచ్ఛికంగా ఎన్ని సంఖ్యలిచ్చి పరీక్షించినా ఇవి బయటపడకపోవచ్చు, గది అంచు దాకా నిండితేనే పొంగుతుంది గనక. లోకంలో ఎన్నో సర్వర్లకు తాళాలు వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వర్గం చేసే ఫంక్షన్ తప్పు జవాబిచ్చే దోషాన్ని 2015 జనవరిలో సవరించారు. 64 బిట్ల మెషిన్ మీద అది దానంతటది ఎదురయ్యే అవకాశం రెండుకు 128వ ఘాతంలో ఒక వంతు. మామూలు పరీక్షలతో సూర్యుడు చల్లారేదాకా కూర్చున్నా దొరకదు. అందుకే జీఎంపీలో ఒకట్లు గుంపుగా, సున్నాలు గుంపుగా వచ్చే సంఖ్యలను కావాలనే పుట్టించే ఫంక్షన్ ఉంది. దాని తయారీదారులు ఇంకో అడుగు ముందుకేసి, కంపైలరే మా కోడును తప్పుగా తర్జుమా చేస్తుందని అనుకోండి, మేక్ చెక్ అనే పరీక్ష నడపకుండా వాడొద్దు అని హెచ్చరిస్తారు. తమ సరుకు గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడే సాఫ్ట్‌వేరు కంపెనీని నేను చూడలేదు.

అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మొదటిది పైథాన్. రెండుకు 103వ ఘాతం కావాలంటే ఒక్క వరుసలో 10141204801825835211973625643008 వచ్చేస్తుంది, ఇంకెందుకు సి అంటారు. కడప జిల్లా కల్లూరులో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి చూపు లేదు. ఈ ముప్ఫై రెండు అంకెలనే ఆయన సభలో నోటితో చెప్పారని తెలుగునాట చెప్పుకుంటారు. ఆ మెదడులో ఏం జరిగిందో మనకు తెలిసే దారి లేదు. పైథాన్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి దారి ఉంది. ఆ పని చేసేది సి కోడే, ఎవరైనా తెరిచి చదవొచ్చు. కరత్సుబా పద్ధతికి మారే గీత 70 దగ్గర గీసి ఉందని కూడా అందులో కనిపిస్తుంది. తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి లోపలికి చూడనివాడిని ఇంజినీరని నేననలేను.

రెండో అభ్యంతరం ఈమధ్యది: ఏఐ రాసిపెడుతుందిగా. రాసిపెడుతుంది. చక్కటి కామెంట్లతో రాస్తుంది. అది సరైనదో కాదో తేల్చే పరీక్షలు రాయగలిగినవాడికే దానితో ప్రయోజనం.

మూడోది ఉద్యోగాలు. "దీనికి ప్యాకేజీ ఎంతక్కా?" అని మొహమాటం లేకుండా అడుగుతారు మనవాళ్లు. నేరుగా దీనికి ప్యాకేజీ లేదు. కానీ ఇంటర్వ్యూలో రెజ్యూమె అంతా ఒక పేజీ నినాదాలైనప్పుడు, లోకం వాడే ఒక లైబ్రరీలో తన పేరుతో చేరిన ఇరవై వరుసల మార్పు చూపించినవాడిని నేనైతే ముందు పిలుస్తాను. అది కొనడానికి దొరకదు.

పైగా ఈ విద్యకు పెట్టుబడి లేదు. కోనసీమలో ల్యాబులకు గ్రాఫిక్స్ కార్డులు కొనలేమని, క్లౌడ్‌కు డబ్బు లేదని యాజమాన్యాలు చెబుతుంటాయి. జీఎంపీ మొత్తం సోర్సు కుదించిన ఫైలుగా సుమారు 2 ఎంబీ. 2022 మే 24 అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇళ్ల నుంచి పనిచేసే మాలాంటివాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు పరుగెత్తారు. కంపెనీ పనికి అప్పుడు దిక్కులేదు గానీ, మెషిన్లో ఉన్న కంపైలరుకు, సోర్సుకు, పాత మార్పుల చరిత్రకు ఏ సిగ్నలూ అక్కర్లేదు. నా లైబ్రరీలో భాగహారం ఆ రోజుల్లో రాసిందే. సెలవుల్లో శిబిరాలు పెట్టే స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు తెలుగునాట ఉన్నాయి. వాళ్లను పిలిచి ఒక వారం కాలేజీలో కూర్చోబెట్టడానికి పెద్ద బడ్జెట్ ఏమీ పట్టదు.

అసలు రోగం డబ్బులేమి కాదు. ప్రాజెక్టులు అమ్మే కొట్లు. నాలుగో ఏడాది పిల్లలు తలా కొంత వేసుకుని రెడీమేడ్ ప్రాజెక్టు, రిపోర్టు, చూపించాల్సిన స్లైడ్లు కలిపి కొనుక్కొస్తారు. అదే హాజరు పట్టీ యాప్, అదే ఆసుపత్రి నిర్వహణ, శీర్షిక మారుతుంది. అమ్మేవాడిని నేను తప్పుపట్టను, గిరాకీ ఉంది. తల్లిదండ్రులను కూడా అనలేను, కొబ్బరి ధర పడిపోయిన ఏడాదిలోనూ ఫీజు కట్టి పంపుతున్నారు. తప్పు, చూసీ చూడనట్టు సంతకం పెట్టేవాళ్లది.

అందుకే ఈ విన్నపం వైవాకు ఎక్స్‌టర్నల్‌గా వచ్చే మాస్టార్లకు. ప్రాజెక్టు ఏదైనా కానివ్వండి. స్లైడ్లు పక్కన పెట్టించి, పిల్లవాడిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వాడి కోడులో మీకు నచ్చిన ఒక ఫంక్షన్‌ను చెరిపేసి అరగంటలో మళ్లీ రాయమనండి. రాసినవాడికి మార్కులు వేయండి. రాయలేనివాడికి ఇంకో నెల గడువివ్వండి, కానీ సంతకం పెట్టకండి.